సీసం నాణేల మీద తెల్ల పొడి, ఓడ నాణెం మీద అనుమానం, ఒక వరహా బేరం – సలహా కావాలి

పటమట_పాతకాసు:

అందరికీ నమస్కారం. ఉండేది విజయవాడ. నా దగ్గర 14 పాత నాణేలున్నాయి. 11 సీసం, శాతవాహనులవని చెప్పి ఇచ్చారు. 3 రాగి, ఒక పక్క కాలెత్తిన సింహం, రెండో పక్క కలశం. అన్నీ బిల్లుతో కొన్నవే.

పెట్టింది చెక్క డ్రాయర్లో. టేకు చట్రం, ప్లైవుడ్ అడుగు, దానిమీద జిగురుతో అంటించిన వెల్వెట్. ఈ వానాకాలం మొదలయ్యాక ఆరు సీసం నాణేల మీద తెల్లగా పొడి లేచింది, వేలితో రాస్తే సుద్దలా అంటుకుంటోంది. ఒక రాగి నాణెం మీద రెండు చోట్ల లేత ఆకుపచ్చ చుక్కలు వచ్చాయి. ఇంట్లో వాళ్లు ఇత్తడి బిందెలకి చేసినట్టు చింతపండు పెట్టి తోమేస్తే పోతుందంటున్నారు. ఇంకా ముట్టుకోలేదు.

రెండో సంగతి: సీసం వాటిలో ఒకటి ఓడ బొమ్మది. 5.8 గ్రాములు, అడ్డంగా 19 మి.మీ. రెండు తెరచాప స్తంభాలు స్పష్టంగా ఉన్నాయి, వెనక ఉజ్జయినీ గుర్తు (ప్లస్ ఆకారం, నాలుగు కొసల్లో సున్నలు). ఎందుకో మరీ శుభ్రంగా ఉందనిపిస్తోంది. రెండు పక్కలా, అంచూ ఫోటోలు పెట్టాను.

మూడోది: కృష్ణదేవరాయల బాలకృష్ణ వరహా (చిన్నికృష్ణుడి బొమ్మ ఉన్న బంగారు నాణెం) ఒకటి బేరానికొచ్చింది. 3.40 గ్రాములని చెబుతున్నారు. అసలుదో కాదో, నాణేనికి దెబ్బ తగలకుండా ఇంట్లో ఎలా పరీక్షించుకోవాలి?

పొన్నూరు_రాగిరేకు:

చింతపండు వద్దు బాబూ, దణ్ణం పెడతాను! ముందు అన్నిటినీ డిస్టిల్డ్ వాటర్లో ఓ వారం నానబెట్టండి, రోజూ నీళ్లు మారుస్తూ. ఇన్వర్టర్ బ్యాటరీల్లో పోసేదే, ఏ షాపులోనైనా దొరుకుతుంది. లోపలి ఉప్పంతా నీళ్లలోకి దిగిపోతుంది.

ల్యాబ్_గూటి_మనిషి:

పైన పొన్నూరు వారు చెప్పింది రాగి వరకు సరే. సీసానికి మాత్రం ఆ పని చెయ్యొద్దు. ఉప్పులేమీ లేని నీళ్లు సీసాన్ని తింటాయి. మామూలు కుళాయి నీళ్లలో ఉండే కార్బొనేట్లు సీసం మీద పలచటి పొర కట్టి కాస్త కాపాడతాయి, డిస్టిల్డ్ వాటర్లో ఆ పొర కట్టదు, గాల్లోంచి కరిగిన ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ నేరుగా లోహం మీద పడతాయి. వారం నానబెడితే తెల్ల పొడి తగ్గదు, పెరుగుతుంది.

ఇక్కడ అసలు దొంగ తేమ ఒక్కటే కాదు, ఆ డ్రాయరు. ప్లైవుడ్, దాని జిగురు, వెల్వెట్ అంటించిన తెల్ల జిగురు, కొత్త వార్నిష్, వీటన్నిటి నుంచీ ఎసిటిక్ ఆమ్లం ఆవిరి నెలల తరబడి వస్తూనే ఉంటుంది. మూసిన డ్రాయర్లో అది పేరుకుంటుంది. ఆ ఆవిరి సీసంతో కలిసి సీసం ఎసిటేట్ అవుతుంది, గాల్లోని కార్బన్ డయాక్సైడ్ దాన్ని కార్బొనేట్‌గా మార్చి ఆమ్లాన్ని తిరిగి వదిలేస్తుంది. వదిలిన ఆమ్లం మళ్లీ సీసం మీదికే. కొంచెం ఆమ్లమే చక్రంలా తిరుగుతూ నాణెం మొత్తాన్ని పొడి చేసేస్తుంది. పద్దెనిమిది వందల ఏళ్లు మట్టిలో నిలిచింది మూడేళ్లు బీరువాలో నిలవకపోవడానికి కారణం ఇదే. వెనిగర్, నిమ్మకాయ, చింతపండు ఏది వాడినా ఇదే పనిని చేత్తో చేసినట్టు.

కాబట్టి ఈ రోజే నాణేలు ఆ డ్రాయర్లోంచి తీసేయండి. మూత గట్టిగా పట్టే పాలిప్రొపిలీన్ డబ్బా (అడుగున త్రిభుజంలో 5 అంకె ఉంటుంది) తీసుకుని, ఒక్కో నాణేన్ని పాలిఎస్టర్ లేదా పాలిఎథిలీన్ కవర్లో విడిగా పెట్టండి. మెత్తగా, వంగుతూ, కొత్త రెయిన్‌కోటు వాసన కొట్టే కవర్లు పి.వి.సి.వి, వాటి జోలికి పోవద్దు. కొన్నేళ్లకి అవి జిగటగా మారి రాగి, వెండి మీద పచ్చటి జిడ్డు పూస్తాయి. అట్టముక్కలు, న్యూస్ పేపర్, రబ్బరు బ్యాండు, కలరా ఉండలు కూడా డబ్బాలో ఉండకూడదు.

తెల్ల పొడి సీసం కార్బొనేట్, ఒంట్లోకి పోతే విషం. ఫ్యాన్ ఆపి, నైట్రైల్ గ్లౌజులు, మాస్కు వేసుకుని, పేపరు పరిచి చెయ్యండి. పొడి బ్రష్‌తో దులపొద్దు, నోటితో ఊదడం అసలే వద్దు. దూదిపుల్లని శుద్ధమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, నొక్కకుండా దొర్లించండి, రుద్దొద్దు. సీసం గోటితో గీత పడేంత మెత్తన, తెల్ల పొర కింద బొమ్మ గట్టిగా ఉందన్న నమ్మకం లేదు. వదులుగా ఉన్నదే రావాలి, అంటుకుని ఉన్నదాన్ని వదిలేయండి. వాడిన దూది, పేపరు కవర్లో కట్టి పిల్లలకి అందకుండా పారేయండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. వంటింటి గట్టు మీద మాత్రం ఈ పని పెట్టుకోవద్దు.

పూర్తిగా ఆరాక మైక్రోక్రిస్టలైన్ మైనం బియ్యపు గింజంత తీసుకుని పలచగా పూస్తే కొంత రక్ష. డబ్బా మార్చకుండా మైనం పూస్తే మాత్రం దండగ. అప్పటికే పగుళ్లిచ్చి ఉబ్బిన నాణెం ఉంటే దాన్ని ఇంట్లో ముట్టుకోవద్దు. విద్యుత్తుతో కార్బొనేట్‌ని తిరిగి సీసంగా మార్చే పద్ధతి ఉంది, అది సంరక్షణ నిపుణులు చెయ్యాల్సిందే.

పొన్నూరు_రాగిరేకు:

సీసం సంగతి ఒప్పుకుంటున్నాను. మరి ఆ రాగి నాణెం మీద ఆకుపచ్చ చుక్కలో? అది మామూలు చిలుమేనా?

ల్యాబ్_గూటి_మనిషి:

ఫోటోలో తేలట్లేదు. సూదిమొన ఆనించి చూడండి. గట్టిగా, నున్నగా, ముదురు రంగులో ఉంటే మంచి చిలుము, దాన్ని ముట్టుకోవద్దు, అదే నాణేనికి రక్ష, అందమూ అదే. లేత పచ్చగా, పొడిగా రాలి, కింద చిన్న గుంట కనిపిస్తే క్లోరైడు (ఒక రకం ఉప్పు) పట్టి లోహాన్ని తింటోందన్నమాట. ఇంకా అనుమానమైతే మూత ఉన్న డబ్బాలో తడి దూది పక్కన, తగలకుండా, ఒక రోజు పెట్టండి. కొత్త చుక్కలు లేస్తే ఖాయం.

క్లోరైడు రోగమైతే ఇలా చెయ్యండి: లీటరు డిస్టిల్డ్ వాటర్లో నీరు లేని సోడియం కార్బొనేట్ 24 గ్రాములు, వంటసోడా 19 గ్రాములు. రెండూ కలిసి 5 శాతం సెస్క్వికార్బొనేట్ ద్రావణం అవుతుంది. బట్టల పౌడరు కాదు, ల్యాబ్ కెమికల్స్ షాపులో పేరు చెప్పి అడగండి. రాగి నాణేన్ని గాజు పాత్రలో అందులో ఉంచి వారానికోసారి ద్రావణం మార్చండి. కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. తర్వాత డిస్టిల్డ్ వాటర్లో రెండు మూడు రోజులు మారుస్తూ కడిగి, ఐసోప్రొపైల్‌లో ముంచి తీసి ఆరబెట్టండి. దీనివల్ల చిలుము రంగు కొంచెం మారుతుంది, నీలంగా పలచటి పొర కూడా రావచ్చు, అందుకని రోగం ఖాయమయ్యాకే మొదలుపెట్టండి. సీసం నాణేన్ని ఈ ద్రావణంలో వెయ్యొద్దు.

బ్రాహ్మీ_బడిపంతులు:

ముందు రాగివి. సింహం, రెండో పక్క దీపస్తంభాల మధ్య కలశం, చుట్టూ అంచున కిరణాల్లా గీతలు ఉంటే అవి విష్ణుకుండినులవి. మన బెజవాడ కథల్లో మాధవవర్మ ఉన్నాడే, ఆ వంశం. శాతవాహనులకీ వీటికీ మూడు నాలుగు వందల ఏళ్ల ఎడం. అన్నీ ఒకే ట్రేలో ఉన్నా చీటీలు వేరుగా రాయండి.

ఇక ఓడ నాణెం. ఈ రకం వాసిష్ఠీపుత్ర పుళుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి పేర్లతో దొరుకుతుంది, ఎక్కువగా కోరమాండల్ తీరం వెంబడి. శాతవాహన సీసంలో జనం ఎగబడి కొనేది ఇదే కనుక నకిలీలు పోసేవాళ్లకీ ఇదే ముద్దు. ఏనుగు, గుర్రం బొమ్మల మామూలు సీసాలు వందల రూపాయల్లో దొరుకుతుంటే వాటికి నకిలీ చెయ్యడం పెద్దగా గిట్టదు.

బరువు, కొలత చూసి ఏమీ తేలదు. శాతవాహన సీసం బరువులు ఒక తీరుగా ఉండవు, ఒకే రాజు ఒకే రకంలో కూడా బాగా తేడాలుంటాయి. సాంద్రత కూడా సాయపడదు, ఎందుకంటే నకిలీ కూడా సీసమే, పొయ్యి మీద కరిగేదాన్ని మూసలో పోయడం ఎంతపని. "పోత గుర్తులున్నాయి కాబట్టి నకిలీ" అనే మాటా ఇక్కడ నిలవదు. ఆ రోజుల్లోనే కొన్ని నాణేలు మూసల్లో పోశారు, కొన్ని అచ్చుకొట్టారు. తెలంగాణలో కొండాపూర్, పెద్దబొంకూరు లాంటి చోట్ల శాతవాహన నాణేలు రాశులుగా బయటపడ్డాయి, నాణేల మట్టిమూసలూ దొరికాయి. రోమన్ వెండి నాణెం చూసే కళ్లతో శాతవాహన సీసం చూస్తే రెండు వైపులా పొరపడతాం: మంచిదాన్ని పారేస్తాం, చెడ్డదాన్ని కొంటాం.

మరి ఏం చూడాలి? అచ్చుకొట్టిన సీసంలో అచ్చు, నాణెం బిళ్ల కంటే పెద్దది, బొమ్మ ఒక పక్కకి జరుగుతుంది, అక్షరాలు సగం బయటికి పోతాయి. చుట్టూ చుక్కల గీతతో సహా ఓడ మొత్తం మధ్యలో కుదురుగా, అక్షరాలన్నీ పూర్తిగా ఉంటే అదృష్టమైనా అయ్యుండాలి, అనుమానమైనా. మీ ఫోటోలో స్తంభాల నుంచి కిందికి దిగే తాళ్లు చూడండి. అసలు నాణెంలో అచ్చులో చెక్కిన గీత కాబట్టి తాడు నేపథ్యం మీద నుంచి కోసుగా లేస్తుంది. మీదాంట్లో తాళ్ల మొదళ్లు కరిగిన మైనంలా నేలలో కలిసిపోయాయి, ఓడ కింద చిన్న చిన్న గుండ్రటి గాలిగుంటలున్నాయి. తుప్పు గుంటలైతే అడ్డదిడ్డంగా, అంచులు కొరికినట్టుంటాయి. గాలి గుంటలు గుండ్రంగా, లోపల నున్నగా ఉంటాయి.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది అంచు ఫోటో. కుడి పక్కన, గడియారంలో 4 అంకె చోట, చిన్న నొక్కు ఉంది. సరిగ్గా అదే చోట, అదే ఆకారం నొక్కుతో ఇంకో ఓడ నాణెం ఈ మధ్య ఆన్‌లైన్ అమ్మకాల్లో కనిపించింది. ఒకే అచ్చుతో కొట్టిన రెండు నాణేలకి బొమ్మ ఒకటే అవుతుంది, అంచు దెబ్బ ఒకటే కాదు. అంచు దెబ్బ కూడా ఒకటైతే రెండూ ఒకే నాణెం మీద తీసిన మూసలోంచి వచ్చినవే. అమ్మినవారికి రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి పంపండి, డబ్బు వెనక్కి అడగండి. బిల్లు ఉంది కదా.

మిగతా పది మీద అంత అనుమానపడక్కర్లేదు, కానీ పైన అంటిన మట్టి సంగతి చూసుకోండి. దూదిపుల్లకి శుద్ధమైన ఎసిటోన్ (గోళ్ల రంగు తుడిచేది కాదు, అందులో నూనె, రంగు ఉంటాయి) అద్ది ఒక మూల ఆనించండి. దూదికి నల్లగా, గోధుమరంగుగా జిడ్డు అంటితే బూట్ పాలిష్‌తోనో జిగురు కలిపిన మట్టితోనో పూసిన పాతదనం. అసలు మట్టి, అసలు పొర ఎసిటోన్‌కి కదలవు. కిటికీ తీసి, దగ్గర్లో దీపం, అగరబత్తి లేకుండా చెయ్యండి.

చదవడానికి ఒక దారి చెబుతాను. లేఖనం ప్రాకృతం, బ్రాహ్మీ లిపి, "రఞో" (రాజు యొక్క) తో మొదలై చివర "స" తో ముగుస్తుంది. "ర" నిలువు గీత. "రఞో" అయ్యాక వచ్చే అక్షరం మీద దృష్టి పెట్టండి. బోర్లించిన గిన్నెలా ఉంటే అది "గ", అంటే గోతమిపుతస (గౌతమీపుత్రుడి). గుండ్రటి, లేదా కాస్త మూడుమూలల బొడ్డు మీద నిలువు కాడ ఉంటే "వ", కొంచెం అవతల ఖాళీ సున్న ఉంటే "ఠ", అంటే వాసిఠిపుతస (వాసిష్ఠీపుత్రుడి). "క" ప్లస్ గుర్తులా ఉంటుంది, అది కనిపిస్తే సాతకణిస (శాతకర్ణి) దగ్గర్లో ఉన్నట్టు. రాజు పేరు మొత్తం ఒక్క నాణెం మీద అరుదుగా పడుతుంది. ఒకే రకం మూడు నాలుగు పక్కన పెట్టుకుంటే ఒకదాంట్లో పోయిన ముక్క ఇంకోదాంట్లో దొరుకుతుంది. వెలుతురు ఎదురుగా కాకుండా పక్కనుంచి, బల్లకి దగ్గరగా ఏటవాలుగా పడాలి. ఫోన్ ఫ్లాష్ వేస్తే అక్షరం చచ్చిపోతుంది.

ఇంకో మాట. సింహం బొమ్మ సీసం అని చెప్పి శాతవాహన ధరకి అమ్మేవి మన జిల్లాల్లో చాలాసార్లు సదరాజులవి (పేరులో "సద" ఉండే ఇక్కడి పాత రాజులు). అమరావతి పక్కన వడ్డమాను తవ్వకాల్లో వాళ్ల నాణేలు బయటపడ్డాయి. "సిరి సద" అన్న ముక్క కోసం వెతకండి. నన్నడిగితే ఓడ కంటే ఇవే అసలైన అందగత్తెలు, కానీ ధర వినేవాళ్లు లేరు.

పట్నంబజారు_కాటా:

వరహా సంగతి నేను చెబుతాను. గీటురాయి మీద రుద్దనివ్వకండి, గీత పడితే నాణెంగా విలువ పడిపోతుంది.

ఇంట్లో చేసుకోగల పరీక్ష నీళ్ల తూకం. చిన్న గ్లాసులో కాచి చల్లార్చిన నీళ్లు (గాలి బుడగలు పోవడానికి), గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క. గ్లాసుని కాటా మీద పెట్టి సున్నా చెయ్యండి. నాణేన్ని సన్నటి నైలాన్ దారానికి కట్టి, పైనుంచి ఒక స్టాండుకి వేలాడదీసి, అడుక్కీ పక్కకీ తగలకుండా పూర్తిగా ముంచండి. ఇప్పుడు కాటా చూపించే అంకె నాణెం తోసిన నీటి బరువు. గాల్లో బరువుని దాంతో భాగించండి, వచ్చేదే సాంద్రత.

3.40 గ్రాముల నాణేనికి మేలిమి బంగారమైతే అంకె 0.176 దగ్గర, 22 క్యారెట్లయితే 0.19 దగ్గర వస్తుంది. వెండి మీద పూతయితే 0.32, రాగి మీద పూతయితే 0.38. 0.01 గ్రాము చూపే కాటాతో పూత నాణేన్ని పట్టేయొచ్చు కానీ మేలిమికీ 22 క్యారెట్లకీ తేడా చెప్పలేరు, ఒక్క అంకె అటూ ఇటూ అయితే లెక్క 5 శాతం మారిపోతుంది. దానికి 0.001 చూపే, రత్నాలు తూచే కాటా ఉండాలి. ఫణం (వరహా కంటే బాగా చిన్న బంగారు నాణెం) అయితే మూడో వంతు గ్రాము చుట్టూ ఉంటుంది, దానికి ఈ పద్ధతి మర్చిపోండి. తప్పు ఎక్కడ జరుగుతుందంటే బుడగలతోనే. నాణేనికి బుడగ అంటుకుంటే అంకె పెరిగి మంచి బంగారం కూడా తక్కువరకంలా కనిపిస్తుంది. దారాన్ని తట్టి, మూడుసార్లు తీసి ముంచి చూడండి.

లోహం పరీక్షించే ఎక్స్‌రే మెషీన్ ఉన్న చోటా చూపించొచ్చు, నాణెం చెడదు. అది చెప్పేది పై పొర గురించే, మందంగా పూత ఉంటే మోసపోతుంది. నీళ్ల తూకం, మెషీన్ రెండూ కలిస్తేనే నమ్మకం.

లోహం బంగారమని తేలినా నాణెం పాతదని తేలినట్టు కాదు. అసలు బంగారంతోనే కొట్టిన కొత్త వరహాలున్నాయి. వెనక నాగరిలో మూడు వరసల్లో "శ్రీ ప్రతాప కృష్ణరాయ" ఉండాలి, వరసల మధ్య అడ్డగీతలు. ముందు పక్క బాలకృష్ణుడి చేతిలో వెన్నముద్ద. అసలువాటిలో అచ్చు దెబ్బకి లోహం అంచువైపు పారిన సన్నటి జాడలు, అంచున సన్నటి చీలికలు భూతద్దంలో కనిపిస్తాయి.  కొత్తవాటిలో ముఖం బొద్దుగా, కళ్లు చుక్కలుగా, అన్ని వైపులా ఒకే మెరుపు. వేలం క్యాటలాగుల ఫోటోలు పది పక్కన పెట్టుకుని పోల్చాకే డబ్బివ్వండి. చెవి (హారానికి తగిలించే కొక్కెం) తీసేసిన జాడ కూడా చూడండి, హారాల్లో గుచ్చిన వరహాలు మన వైపు చాలా, టంకం తీసి రుద్దితే పైఅంచున చదునుగా ఉంటుంది. నకిలీ కాదు, ధర మాత్రం తగ్గాలి.

పటమట_పాతకాసు:

అందరికీ చాలా థాంక్సండీ. ఓడ నాణెం ఫోటోలు అమ్మినాయనకి పంపాను. సూదితో చూశాను, రాగి మీది చుక్కలు పొడిగానే రాలుతున్నాయి, మందు కలుపుతాను. ఒక డౌటు: వరహా అమ్మేవాళ్లు ఇప్పుడు "పొలంలో దొరికింది, బిల్లు ఉండదు" అంటున్నారు. ఇబ్బందా?

బ్రాహ్మీ_బడిపంతులు:

ఇబ్బందే, వదిలేయండి. 1878 నాటి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దాచినది ఏదైనా పది రూపాయలు దాటిన విలువతో దొరికితే దొరికినవాళ్లు కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలి: ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ రోజు. చెప్పకపోతే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. చెప్పినవాళ్లకి హక్కు పూర్తిగా పోతుందనుకోవడం తప్పు, విచారణయ్యాక వాటా, పరిహారం ఆ చట్టంలోనే ఉన్నాయి. అమ్మేవాళ్లకి నిజంగా పొలంలోనే దొరికితే ఈ మాట చెప్పండి, వాళ్లకే మేలు. అదీగాక "పొలంలో దొరికింది" అన్నది నకిలీలు అమ్మేవాళ్ల ఊతపదం కూడా.

1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు కావాలి. దేశం దాటించకూడదు, బయటి దేశంలో ఉన్న బంధువులకి పోస్టులో పంపడం కూడా అందులోకే వస్తుంది. కొన్నప్పుడు బిల్లులో రకం, లోహం, బరువు, కొలత రాయించి నాణెం ఫోటోతో కలిపి ఉంచుకోండి. "పాత నాణెం – 1" అని రాసిన బిల్లు బిల్లే కాదు.

ల్యాబ్_గూటి_మనిషి:

డబ్బాలో వేసే, తేమ పీల్చే సిలికా జెల్ గురించి చెప్పడం మర్చిపోయాను. మన దగ్గర జులై నుంచి అక్టోబరు దాకా తేమ 70, 80 శాతం దాటుతుంది, క్లోరైడు పట్టిన రాగికి 40 లోపు ఉంటేనే నిద్ర. 5 లీటర్ల డబ్బాకి 100 గ్రాములు, నారింజ రంగు నుంచి ఆకుపచ్చకి మారేది తీసుకోండి. నీలం నుంచి గులాబీకి మారేదాంట్లో కోబాల్ట్ ఉంటుంది, ఇంట్లో వద్దు. రంగు మారాక ఓవెన్‌లో 110–120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తుంది. జెల్ నాణేలకి తగలకుండా గుడ్డసంచిలో ఉండాలి. చిన్న తేమ మీటరు ఒకటి లోపల పెట్టేస్తే మూత తియ్యకుండానే తెలుస్తుంది.

సీసానికి ఒక్క జెల్ చాలదు, అది తేమని పడుతుంది కానీ ఆమ్లం ఆవిరిని అంతగా పట్టదు. సీసం డబ్బా విడిగా పెట్టి అందులో ఉత్తేజిత బొగ్గు (యాక్టివేటెడ్ చార్‌కోల్) చిన్న సంచి కూడా వెయ్యండి, ఏడాదికోసారి మార్చండి. రాగీ సీసం ఒకే డబ్బాలో ఉంచకండి. ఆ పాత డ్రాయర్లో స్టీలు గరిటెలు పెట్టుకోండి.